దీపాల కోటలో ఎడమ తలుపు

"కత్తెర వద్దు! అట్టకి గీత పడుతుంది!" అని ఎడిటర్ గారు అరుస్తూనే ఉన్నారు, ఆఫీసంతా గడ్డం అని పిలిచే సమీక్షకుడు అప్పటికే పార్సిల్ టేపును గోళ్లతో పీకేశాడు. లోపలి నుంచి ఆఖరి డబ్బాలు బయటపడ్డాయి. గదిలో ఉన్న నలుగురూ పుట్టినరోజు పిల్లల్లా బల్ల చుట్టూ మూగారు. నలుగురిలో చిన్నవాళ్లెవరూ లేరు. ఎడిటర్ గారికైతే మోకాళ్ల నొప్పులు కూడా ఉన్నాయి.

అది వీడియో గేముల పత్రిక. ఏడాదికోసారి ఒక సంచిక మొత్తం పాత ఆటలకే కేటాయిస్తారు. ఒకప్పుడు గేమ్ పార్లర్లలో బిళ్ల వేసి ఆడిన ఆటల్ని ఇప్పుడు కంపెనీలు గంపగుత్తగా ఒక్కో డిస్కులోకి ఎక్కించి మళ్లీ అమ్ముతున్నాయి. ఆ కలెక్షన్లలో ఏది కొనుక్కోవాలో, ఏది షాపులోనే వదిలేసి రావాలో ఈ సంచిక తేల్చి చెబుతుంది. పాఠకులు ఆ పేజీ చింపి జేబులో పెట్టుకుని మరీ షాపుకి వెళ్తారు. మొదటి స్థానం వచ్చిన డబ్బా కొద్ది రోజుల్లోనే దొరక్కుండా పోతుంది. అందుకని ఆ వారం ఆఫీసులో ఎవరికీ తిండి మీద ధ్యాస ఉండదు.

మార్కుల పట్టిక తక్కెడ తయారు చేసింది. తక్కెడ అంటే సబ్ ఎడిటర్. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా వినపడదు. బిస్కెట్ పొట్లం పంచినా విరిగిన ముక్కల్ని కూడా లెక్కలోకి తీసుకుంటుందని గడ్డం పెట్టిన పేరు అలాగే స్థిరపడిపోయింది. పట్టికలో నాలుగు గళ్లు: ఆటల ఎంపిక, బటన్ నొక్కగానే బొమ్మ కదిలే వేగం, ఆటలతో పాటు ఇచ్చే పాత బొమ్మలూ కబుర్లూ, చివరిది యథాతథం. పాత మెషీన్ ఎలా ఉండేదో ఇదీ అచ్చం అలాగే ఉందా, లేదా? అన్నిటికన్నా ఈ గడికే మార్కులెక్కువ. అది తన బుర్రలోంచి పుట్టిన గడి అని తక్కెడకు కాస్త గర్వం కూడా.

"ముందు ఈ లావాటివాడి సంగతి చూద్దాం," అని గడ్డం 'బంగారు సొరుగు'ని కన్సోల్‌లోకి తోశాడు. అరవై ఆటలని అట్ట మీద బంగారు అక్షరాలతో వేసుకున్నారు. తీరా చూస్తే వాటిలో సగం ఒకే ఆటకి రంగులు మార్చినవి. తక్కెడ బటన్ నొక్కింది. నొక్కి ముక్కు గోక్కుంది. అప్పుడు గెంతాడు తెర మీది మనిషి.

"ఇంట్లో అడిగొచ్చి గెంతుతున్నాడు," అంది పేజీలు పెట్టే అమ్మాయి.

బంగారు సొరుగు మూలకి వెళ్లిపోయింది. తర్వాతిదాంట్లో పాటలన్నీ ఒక స్వరం కిందికి జారిపోయాయి. గడ్డానికి పాత ఆటల పాటలంటే ప్రాణం. చెవులు రెండూ మూసుకుని, ఎవరో తన తల్లిని తిట్టినట్టు మొహం పెట్టాడు. ఇంకొకటి ఆట మధ్యలో ఆగిపోయి, మళ్లీ కదిలితే ఒట్టు.

సాయంత్రానికి బల్ల మీద రెండే మిగిలాయి. ఒకటి 'పాత గది'. దాన్ని చేసినవాళ్లకి భక్తి ముదిరిందనే చెప్పాలి. పాత టీవీ తెర మీది గీతలు, మెషీన్ వేడెక్కితే వచ్చే చిన్న గుర్రు, పక్క మెషీన్ నుంచి వినిపించే మోత, అన్నీ ఉన్నాయి. రెండోది 'నాణెం'. భార్యాభర్తలిద్దరే ఇంట్లో కూర్చుని చేశారట. తొమ్మిది ఆటలే ఉన్నాయి. మెనూ చూడగానే పేజీల అమ్మాయి మొహం తిప్పుకుంది. పైగా చచ్చిపోతే ఆటను వెనక్కి తిప్పుకునే సదుపాయం ఒకటి పెట్టారు. అది చూసి తక్కెడ యథాతథం గడిలో మార్కులు కోసేసింది.

"ఈ రెంటిలో ఒకటి," అన్నారు ఎడిటర్ గారు చేతులు రుద్దుకుంటూ. "మార్కులు మీరు వేసుకోండి. మిగతాది బయటి చెయ్యి చూసుకుంటుంది."

బయటి చెయ్యి అనేది ఆ ఆఫీసు పద్ధతి. ఆఖరి రెండు డబ్బాలూ మిగిలాక, ఈ వ్యాపారంతో సంబంధం లేని మనిషినొకరిని పిలిచి కూర్చోబెడతారు. రెండూ ఆడిస్తారు. చుట్టూ ఉన్నవాళ్లు నోరు మెదపకూడదు. ఆ మనిషి తనంతట తాను దేన్ని "ఇంకోసారి" అని అడిగితే అదే ఆ ఏటి మొదటి స్థానం. ఈ సంగతి ఆ మనిషికి మాత్రం చెప్పరు. ఒక ఏడు లిఫ్టు మెకానిక్ వచ్చాడు, ఇంకో ఏడు ఎడిటర్ గారి పళ్ల డాక్టరు. ఈ ఏటి మనిషి ఇంకా ఖాయం కాలేదు.

*

తక్కెడ ఉండేది పెద్దమ్మ ఇంట్లో పైగదిలో. కింద పెద్దనాన్న తాళాల కొట్టు, పక్కనే మెట్లు. పగలంతా తాళంచెవులు కోసే మెషీన్ కీచుమంటూ ఉంటుంది. శనివారం ఆమె రెండు డబ్బాలూ ఇంటికి తెచ్చుకుని, ఫోన్‌ను ఒక పుస్తకాల దొంతరకి ఆనించి, తన బొటనవేలూ తెరా రెండూ కనిపించేట్టు వీడియో తీసుకుంటోంది. తర్వాత దాన్ని నెమ్మదిగా తిప్పి చూస్తే, వేలు దిగడానికీ బొమ్మ కదలడానికీ మధ్య ఎంత ఆలస్యమో తేలిపోతుంది. రెండింట్లోనూ ఉన్న ఆట 'దీపాల కోట'. దాన్నే పరీక్షకి పెట్టుకుంది.

పాత గదిలో దీపాల కోటని ఆపి, మళ్లీ పెట్టి చూసింది. స్కోర్ల పట్టికలో తన పేరు లేదు. కంపెనీవాళ్లు మొదట్లో పెట్టిన పేర్లే వరసగా ఉన్నాయి. తక్కెడకి ఒళ్లు పులకరించింది. వెంటనే రాసుకుంది: 'కరెంటు పోతే స్కోర్లు చెరిగిపోతాయి, అప్పటి మెషీన్లలో లాగే. నిజాయితీ అంటే ఇదీ.' యథాతథం గడిలో పదికి పది వేసింది.

"దీపాల కోట కదూ అది?"

పెద్దమ్మ టీ పట్టుకొచ్చింది. కళ్లజోళ్ల షాపులో పని ఆవిడకి. అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తుంది. మెడలో ఒక జోడు, నెత్తి మీద ఒక జోడు ఎప్పుడూ ఉంటాయి. నెత్తి మీదిది దించి పెట్టుకుని, టీ కప్పుని తక్కెడ రాసిన కాగితం మీదే పెట్టేసి, తెర ముందుకి వచ్చింది.

"నీకెలా తెలుసు పెద్దమ్మా?"

"ఎలా తెలుసంటావేంటే! ఎన్నిసార్లు చెప్పాను? మీరంతా నవ్వడమే గానీ ఒక్కరైనా విన్నారా?"

అదీ నిజమే. నలుగురూ చేరిన చోటల్లా పెద్దనాన్న ఒకటే హాస్యం. "మా ఆవిడ గేముల్లో చాంపియన్. సాక్షులు లేరు, అంతే," అంటాడు. అందరూ పడీ పడీ నవ్వుతారు. ఇంట్లో ఎవరైనా గొప్పలు పోతే 'పెద్దమ్మ స్కోరు' అనడం అలవాటైపోయింది. తక్కెడ కూడా అంది, ఒకసారి కాదు. ఊళ్లోవాళ్ల ఆటలన్నీ తూచే మనిషి ఈ ఒక్క మాటని మాత్రం ఎప్పుడూ తూచి చూడలేదు. ఇప్పుడు కప్పు అడుగున కాగితం తడుస్తున్నా ఆమె పట్టించుకోలేదు.

"కాలేజీకెళ్లే దారిలో పార్లర్ ఉండేది," అంది పెద్దమ్మ. "పట్టికలో మూడక్షరాలే పట్టేవి. పేరు పెడితే ఇంట్లో తెలిసిపోతుందని మూడు నక్షత్రాలు పెట్టేదాన్ని. ఎప్పుడూ పైన నా మూడు నక్షత్రాలే. కింద ఎవడో మూడు సున్నాలు పెట్టేవాడు. ఎంత కొట్టుకున్నా నా కిందే. సున్నాగాడు అని పేరు పెట్టుకున్నా వాడికి."

"చూశావా వాణ్ణి?"

"వెనక్కి తిరిగితే చచ్చేదాన్ని. దీపాల కోటలో రెప్ప వెయ్యకూడదు కదా. వెనకాల జనం మూగేవాళ్లు, వాళ్ల ఊపిరి నా మెడకి తగిలేది. మొహాలు మాత్రం ఎరగను. రాత్రి మూసేటప్పుడు ఆ పార్లరాయన మెయిన్ దించేసేవాడు. పొద్దున వెళ్లి చూస్తే ఏముంది, నక్షత్రాలూ లేవు, సున్నాలూ లేవు. మళ్లీ మొదటి నుంచి." ఆవిడ జోడు తీసి తుడుచుకుంది. "ఒక్క రోజు ఎవరైనా చూసుంటే బావుణ్ణనిపించేది. మీ పెద్దనాన్న అయినా సరే."

తర్వాత చిన్నపిల్లలా అడిగింది. "రేపు ఆదివారమేగా. నాకొక ఆట ఇప్పిస్తావా?"

*

ఆదివారం పెద్దమ్మ చేతులు శుభ్రంగా కడుక్కుని వచ్చింది. కూర్చోగానే ఆట మొదలుపెట్టలేదు. గడ్డం అరువిచ్చిన పెద్ద చెక్క జాయ్‌స్టిక్‌ని చేతిలోకి తీసుకుని, నాలుగు పక్కలకీ ఆడించి, "వదులుగా ఉంది," అని జేబులోంచి కళ్లజోడు మరలు బిగించే చిన్న స్క్రూడ్రైవర్ తీసింది. దాన్ని బోర్లించి అడుగున నాలుగు మరలూ బిగించింది. "ఊఁ, ఇప్పుడు పెట్టు."

తక్కెడ పాత గదిని పెట్టింది. దీపాల కోటలో ఒక కాపలావాడు కాగడా పట్టుకుని గది గదికీ పరిగెత్తి దీపాలు వెలిగించాలి. నీడలు వెంటపడతాయి. పెద్దమ్మ మొదటి గదిలోనే చచ్చిపోయింది. రెండో ఆటలోనూ అంతే. "ఉండవే, వేళ్లకి గుర్తుంది, కళ్లకే కాస్త టైం పడుతోంది," అంటూ జోడు మార్చింది. మూడో ఆట, నాలుగో ఆట. ఒక దశలో తక్కెడ తన టీ సంగతి మరిచిపోయింది. పెద్దమ్మ మణికట్టు కదలడం మానేసింది. రెండు వేళ్లే కదులుతున్నాయి, అదీ కనపడీ కనపడకుండా. కాపలావాడు మూల తిరగకముందే దీపం వెలుగుతోంది.

నాలుగో గదిలో రెండు తలుపులుంటాయి. కుడి తలుపు మీద వెలుతురు. ఎడమది కటిక చీకటి. ఎడమకి వెళితే చావే. ఈ ఆట గురించి అచ్చయిన ప్రతి వ్యాసమూ ఆ మాటే చెబుతుంది. వాటిలో ఒకటి తక్కెడ రాసిందే. పెద్దమ్మ ఎడమకి వెళ్లింది.

"అయ్యో పెద్దమ్మా!"

"ఉష్."

చీకట్లోకి రెండడుగులు వేసి కాపలావాణ్ణి ఆపేసింది. జాయ్‌స్టిక్ మీద నుంచి చెయ్యి పూర్తిగా తీసేసింది. నీడలు వచ్చాయి, వాడి మీద నుంచే వెళ్లాయి, కదలనివాణ్ణి అవి చూడలేదు. చివరి నీడ దాటిపోగానే గదిలోని దీపాలన్నీ ఒక్కసారి భగ్గున వెలిగాయి. స్కోరు అంకెలు గిర్రున తిరిగాయి. తక్కెడ కుర్చీలోంచి లేచి కేక పెట్టింది. ఏ కేకో ఆమెకే తెలీదు. పెద్దమ్మ మాత్రం ఆరో గది దాకా వెళ్లి, అక్కడ పడి, పట్టికలో అందరికన్నా పైన మూడు నక్షత్రాలు పెట్టి, అప్పుడు పెద్దగా ఊపిరి వదిలింది. చెంపలు ఎర్రబడ్డాయి.

"ఉండు, ఆయన్ని పిలుచుకొస్తా. కదిలించకు!" అని చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లు దిగింది. "ఏమండీ! ఏమండోయ్!" అన్న కేక మెషీన్ కీచుమోతని దాటి పైకి వినపడింది.

తక్కెడ గదిలో పిచ్చిదానిలా అటూ ఇటూ తిరిగింది. ఎడమ తలుపు! ఇన్నేళ్లుగా ఎవరికీ తెలియని దారి! పాత గదిలో ఉంది సరే, నాణెంలో కూడా ఉంటుందా? ఉంటే రెండూ అసలు మెషీన్‌నే నమ్మకంగా ఎక్కించినట్టు లెక్క. పక్కపక్కన పోల్చి చూడాలి, ఇప్పుడే, బుర్రలో తాజాగా ఉండగానే. పనిలో ఉన్న మనిషి చెయ్యి ఆలోచనకన్నా ముందు పోతుంది. డిస్కు బయటికి వచ్చి ఆమె వేలికి ఉంగరంలా వేలాడుతుండగా తెలిసింది, తానేం చేసిందో.

గబగబా మళ్లీ పెట్టింది. పట్టిక వచ్చింది. కంపెనీవాళ్ల పేర్లు వరసగా ఉన్నాయి.

పెద్దనాన్న ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చాడు. ముంజేతుల మీద ఇత్తడి పొడి మెరుస్తోంది. వెనకాలే పెద్దమ్మ, ఆయన భుజం మీద నుంచి తొంగి చూస్తూ. "చూడండి, చూడండి, పైన..."

ఆవిడ ఆయన్ని తోసుకుని తెర దగ్గరికి వచ్చి, పట్టికని పై నుంచి కింద దాకా వెతికింది.

"నేనే తీసేశాను పెద్దమ్మా," అంది తక్కెడ. "పోల్చి చూద్దామని... నిజంగా వచ్చింది పెద్దనాన్నా, నేను నా కళ్లతో చూశాను. మూడు నక్షత్రాలు, అన్నిటికన్నా పైన."

పెద్దనాన్న తెర వంక చూశాడు. కాస్త ఎక్కువసేపే చూశాడు. తర్వాత చేతులు తుడుచుకుంటూ, "నువ్వు మీ పెద్దమ్మ పార్టీవేగా, నీ సాక్ష్యం చెల్లదు," అని నవ్వాడు.

పెద్దమ్మ కూడా నవ్వింది. "అప్పుడూ ఇంతేగా," అని కప్పులు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. చిన్న స్క్రూడ్రైవర్ బల్ల మీదే మరిచిపోయింది.

తక్కెడకి సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. టీ మరక పడిన కాగితం ఎదురుగానే ఉంది. నిజాయితీ అంటే ఇదీ. పదికి పది. ఆ పార్లరాయన మెయిన్ దించినప్పుడు ఇంటికి పోయే తొందరలో దించాడు. తనకి ఆ తొందర కూడా లేదు. పైగా ఆ దించడానికి మార్కులు వేసింది.

*

"మార్కులు మార్చాలి," అంది సోమవారం, ఇంకా బ్యాగ్ దించకుండానే. జరిగింది జరిగినట్టు చెప్పింది.

"జాలిపడి మార్కులు వేస్తామా ఎక్కడైనా?" అన్నాడు గడ్డం. "మెషీన్ అప్పుడు అలాగే చెరిపేసేది. పాత గది కూడా చెరిపేస్తోంది. యథాతథం! ఆ గడి పెట్టింది నువ్వేగా. నాణెం వాళ్లు స్కోర్లు దాచిపెడుతున్నారు, వెనక్కి తిప్పుతున్నారు. అది పాత మెషీన్ ఎప్పుడూ చెయ్యని పని."

"మెషీన్‌ని మాత్రం పొల్లు పోకుండా దాచుకున్నాం. దాని ముందు నిలబడి ఆడినవాళ్ల సంగతేంటి? వాళ్లు పాత కాలంలోవాళ్లు కారా?"

"అలా అంటే ఆ కాలంలో పార్లర్‌కి వచ్చే దోమల్ని కూడా పెట్టమంటావు."

"పాత గదిలో పక్క మెషీన్ మోత పెట్టారుగా! మోతకిచ్చిన విలువ మనిషికి ఇవ్వలేదు, అంతే నేనంటోంది."

ఎడిటర్ గారు కళ్లజోడు పైకి తోసుకుని ఇద్దరినీ మార్చి మార్చి చూస్తున్నారు. తక్కెడ కూర్చుంది. "సరే, ఆవిడ మా పెద్దమ్మ. ఇక నా తూకం చెల్లదు. నా మార్కులు పక్కన పెట్టేయండి. కానీ ఆ ఎడమ తలుపు సంగతి మాత్రం రాయాల్సిందే."

"ఏ ఎడమ తలుపు?" అన్నాడు గడ్డం.

"దీపాల కోటలో, నాలుగో గది."

"ఎడమకి వెళితే చస్తాం."

"చావలేదు. కదలకుండా నిలబడితే నీడలు మీద నుంచి వెళ్లిపోయాయి. దీపాలన్నీ ఒకేసారి వెలిగాయి."

గడ్డం లేచి నిలబడ్డాడు. ఆ ఆటని కాలేజీ రోజుల నుంచీ ఆడుతున్నాడు. ఆ ఆట బొమ్మ ఉన్న చొక్కా కూడా ఉంది అతనికి. "అబద్ధం," అన్నాడు. "నేను చూడాలి. ఇప్పుడే చూడాలి. తీసుకురా ఆవిడని!"

"సొంత మనుషుల్ని బయటి చెయ్యిగా ఎప్పుడూ పిలవలేదు," అన్నారు ఎడిటర్ గారు.

"ఆవిడ తక్కెడకి సొంతం, నాకు కాదుగా! నేను పిలుస్తున్నా సార్!"

ఎడిటర్ గారికి నవ్వొచ్చింది. "రేపు తీసుకురామ్మా. ఆ 'ఇంకోసారి' సంగతి మాత్రం ఆవిడకి చెప్పకు."

*

మంగళవారం పెద్దమ్మ షాపుకి సెలవు పెట్టి వచ్చింది. దింపడానికి వచ్చిన పెద్దనాన్న వెళ్లిపోతాడనుకుంటే, ఎడిటర్ గారి బీరువా తాళం ఎప్పటి నుంచో మొరాయిస్తోందని తెలిసి, సంచీ విప్పుకుని గది వెనకాల చతికిలబడ్డాడు. "మీ పని మీరు చూసుకోండి. ఈ గేములూ గీములూ నాకు తెలీవు," అన్నాడు.

ముందు పాత గది పెట్టారు. పెద్దమ్మ కుర్చీలో అటూ ఇటూ సర్దుకుంది. కొత్త గది, కొత్త మొహాలు, అందులోనూ అందరూ బిగుసుకుని ఒక్క మాట మాట్లాడకుండా కూర్చున్నారు. మూడో గదిలోనే పడిపోయింది. "బావుంది," అంది మర్యాదకి. గడ్డం మొహం వేలాడేశాడు.

తర్వాత నాణెం. ఆ మెనూ చూసి పెద్దమ్మ కూడా ఒకసారి జోడు సవరించుకుంది. వెనక్కి తిప్పే బటన్ ఏదో తక్కెడ సైగ చేసి చూపిస్తే, "ఛీ, అదెందుకు," అని కొట్టిపారేసింది. ఆట మొదలైంది. మొదటి గది. రెండో గది. ఈసారి మణికట్టు ఆగింది, రెండు వేళ్లు పని అందుకున్నాయి. మూడో గది దాటింది. వెనకాల బీరువా దగ్గర గీకుడు ఎప్పుడు ఆగిందో ఎవరూ గమనించలేదు.

నాలుగో గది. గడ్డం మునివేళ్ల మీద లేచాడు. అతని ఆత్రం పెద్దమ్మకి తగిలిందో ఏమో, చెయ్యి తడబడింది. కాపలావాడు కుడివైపు, వెలుతురున్న తలుపు దగ్గరికి రెండడుగులు వేశాడు.

"అటు కాదు! ఎడమకి! ఎప్పుడూ ఎడమకే కదా నువ్వు వెళ్లేది!"

కేక వెనక నుంచి వచ్చింది. దాంతో పాటు ఏదో ఇనప సామాను కింద పడి ఖంగుమంది. నోరు మెదపకూడదన్న నియమం అక్కడితో గంగలో కలిసింది. పెద్దమ్మ తల తిప్పలేదు. జాయ్‌స్టిక్‌ని ఎడమకి కొట్టింది. చీకట్లోకి వెళ్లి ఆగి, చెయ్యి తీసేసింది. నీడలు వచ్చాయి. వెళ్లాయి. దీపాలన్నీ భగ్గుమన్నాయి.

గడ్డం పెట్టిన అరుపుకి పక్క ఆఫీసు నుంచి మనిషి వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. పేజీల అమ్మాయి ఎడిటర్ గారి భుజం పట్టుకుని ఊపేస్తోంది. పెద్దమ్మ ఇవేవీ వినలేదు. ఐదో గది, ఆరో గది, ఆదివారం పడిన చోటు దాటి ఏడో గది. అక్కడ పడిపోయింది. పట్టిక వచ్చింది. అన్నిటికన్నా పైన ఒక నక్షత్రం, రెండో నక్షత్రం, మూడోది.

అప్పుడు ఆవిడ వెనక్కి తిరిగింది.

పెద్దనాన్న బీరువా పక్కన లేచి నిలబడి ఉన్నాడు. చేతిలో స్క్రూడ్రైవర్ లేదు, కింద పడి ఉంది.

"మీరు చూశారన్నమాట," అంది పెద్దమ్మ.

"రోజూ చూసేవాణ్ణి," అన్నాడు. "నీ వెనకాలే నిలబడేవాణ్ణి."

"మరి ఇన్నేళ్లూ?"

"పెళ్లయిన కొత్తలో ఆ ఆట సంగతి నువ్వే చెప్పావు. అవును, నేనూ చూశానని అప్పుడే అనేసి ఉండాల్సింది. కానీ నీతో ఎంత పోటీ పడ్డా గెలవలేదన్న ఉక్రోషం... నవ్వేశాను. ఒకసారి నవ్వాక మళ్లీ ఎలా చెప్పాలో తెలీలేదు. నవ్వడమే అలవాటైపోయింది."

"మీరు నవ్వారని ఊరంతా నవ్వింది."

"నా వల్లే," అన్నాడాయన.

'పోటీ పడ్డా' అన్న మాట పెద్దమ్మకి అప్పుడు తగిలింది. కళ్లు చిన్నవి చేసి ఆయన్ని నిలువునా చూసింది. తర్వాత లేచి కుర్చీ ఆయన వైపుకి తోసింది. "కూర్చోండి."

"ఇప్పుడా? నాకు చేతకాదే..."

"కూర్చోండి అంటున్నానా!"

ఆయన కూర్చున్నాడు. లావు వేళ్లు, ఇత్తడి పొడి ఇరుక్కున్న గోళ్లు. మొదట రెండు సార్లు గోడకి గుద్దుకున్నాడు. పేజీల అమ్మాయికి నవ్వొచ్చింది గానీ ఆపుకుంది. మెల్లిగా దారిలో పడ్డాడు. నాలుగో గదిలో ఎడమకి తిరిగి, చెయ్యి తీసి తొడ మీద పెట్టుకున్నాడు. అచ్చం పెద్దమ్మలాగే. ఆరో గది గుమ్మంలో పడిపోయాడు. పట్టిక రెండో వరస ఖాళీ చేసి పేరడిగింది. ఆయన ఎవరి వైపూ చూడకుండా, ముందు ఒక సున్నా పెట్టాడు. తర్వాత ఇంకొకటి.

"సున్నాగాడు!" అంది పెద్దమ్మ. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. "ఓరి నాయనో, ఆ సున్నాగాడు మీరేనా!"

మూడో సున్నా పెట్టి పెద్దనాన్న తల ఊపాడు. పెద్దమ్మ నవ్వు మొదలైంది. అది ఎంతకీ ఆగలేదు. నవ్వుతూనే ఆయన వీపు మీద ఒక్కటి చరిచింది, గట్టిగానే. "నేను ఇంకా అడగాల్సినవి చాలా ఉన్నాయి, ఇంటికి పదండి చెప్తా," అంది. ఆయన బుద్ధిగా సరేనన్నాడు. ఎవరీ సున్నాగాడు, ఏం జరుగుతోందని గడ్డం అందరినీ అడుగుతున్నాడు, ఎవరూ చెప్పడం లేదు.

తక్కెడ కన్సోల్ దగ్గరికి వెళ్లింది. వేలు స్విచ్ మీద పెట్టి, పెద్దమ్మ వైపు చూసింది. "ఆపుతున్నా పెద్దమ్మా."

నవ్వు ఆగిపోయింది. పెద్దమ్మ తల ఊపింది.

తెర నల్లబడింది. అందులో అందరి మొహాలూ కనిపించాయి. తక్కెడ మళ్లీ పెట్టింది. వికారమైన ఆ మెనూ తీరిగ్గా వచ్చింది. దీపాల కోట. పట్టిక. పైన మూడు నక్షత్రాలు, వాటి కింద మూడు సున్నాలు.

పెద్దమ్మ మెల్లిగా జోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని చూసింది. అలాగే ఉన్నాయి.

"ఇంకోసారి," అంది.

ఎడిటర్ గారి కలం పైకి లేచింది. గడ్డం గొంతు సవరించుకున్నాడు. "ఇంకోసారి ఆడతారా అండీ?"

"ఆడటం కాదు నాయనా. ఇంకోసారి ఆపి పెట్టండి. చూడాలి."

ఎడిటర్ గారు గడ్డం వైపు చూశారు. ఇలాంటి 'ఇంకోసారి' వాళ్ల పద్ధతిలో ఎప్పుడూ రాలేదు. గడ్డం కాసేపు గడ్డం గోక్కున్నాడు, పాత గది డబ్బాని ఒకసారి ప్రేమగా నిమిరాడు, దాన్ని తీసి పక్కన పెట్టాడు. "లెక్కలోకే వస్తుంది సార్," అన్నాడు. "రాసుకోండి, నాణెం."

తక్కెడ మళ్లీ స్విచ్ వైపు చెయ్యి చాపింది.

"నువ్వుండవే," అని పెద్దమ్మ ముందుకు వచ్చింది. ఆమె చెయ్యి పక్కకి తప్పించి, తన చేత్తోనే స్విచ్ ఆపేసింది.